మిల్లుగోడ వెనక: రెండో పొయ్యి

"అక్కా, నా పొయ్యి నాకిచ్చెయ్."

వీరాయి ఈ మాట అని అంగమ్మాళ్ గుమ్మంలో నిలబడి ఉండగా కిందటి వారం మనం ఆగిపోయాం. మీరు పత్రిక మూసి మీ పనుల్లో పడ్డారు. ఆ మనిషి మాత్రం పాపం అక్కడే నిలబడి ఉంది. అంగమ్మాళ్ ఇంకా జవాబు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి.

మదురైలో మిల్లుగోడకు వెనకవైపు, కాలువగట్టు మీద, మన తెలుగు మిల్లు మనుషులు వేసుకున్న తాటాకు గుడిసెలున్నాయి. పొరంబోకు నేల, ఎవరికీ పట్టా లేదు. ఏళ్ళ తరబడి మిల్లు పెరుగుతూ వచ్చింది, దానితోపాటే గుడిసెలూ పెరిగాయి. ఇంతమంది చేతులు కావాలనుకున్న పెద్దమనుషులకు ఆ చేతులవాళ్ళు ఎక్కడ పడుకుంటారన్న ఆలోచన మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు మిల్లుకు కొత్త షెడ్డు కావాలట, గుడిసెలు లేవాలట. కాపురమున్న ప్రతి ఇంటికీ వాడిపట్టి రోడ్డు పక్కన సైటు ఇస్తామన్నారు. ఏ గుడిసెలో కాపురముందో ఎలా తెలుస్తుంది? పొయ్యిని బట్టి. పొయ్యి వేరైతే కాపురం వేరు, ఆ లెక్క మన తాతలనాటి నుంచీ ఉన్నదే. సర్వేయరు మనుషులు తారు డబ్బా పట్టుకొచ్చి, పొయ్యి ఉన్న గుడిసె తలుపు మీద నంబరు వేశారు. లేనిదాని మీద ఇంటు గీశారు.

వాళ్ళొచ్చిన నాడు వీరాయి ఇంట్లో పొయ్యి లేదు. ఆమె మొగుడు ఆండి మిల్లులో పత్తిదుమ్ము పీల్చీ పీల్చీ, దగ్గీ దగ్గీ, అప్పుడే పోయాడు. కరుమాది, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా చావింట్లో నిప్పు రాజెయ్యరు, పక్కింటివాళ్ళే వండి పెట్టాలి. పక్కిల్లు అంగమ్మాళ్‌ది. చావుకొచ్చిన చుట్టాలందరికీ వండాలంటే ఒక పొయ్యి ఏం సరిపోతుంది? "మీ ఇంట్లో ఎట్లాగూ వెలిగించరు గదా పిల్లా" అని వీరాయి మట్టిపొయ్యినే ఎత్తుకొచ్చి, తన గుడిసెకు ఆనించి దించిన పక్కపంచలో పెట్టుకుంది. మంచి మనసుతోనే తెచ్చింది. అది నేను కాదనను.

తారు డబ్బా మనుషులు ఇంట్లో ఒక పొయ్యీ, పంచలో ఒక పొయ్యీ చూశారు. పంచలో ఉన్నది కొడుకూ కోడలి కాపురమనుకుని దానికీ ఒక నంబరు వేశారు. వీరాయి తలుపుకు ఇంటు గీశారు. అంగమ్మాళ్ చూస్తూ ఊరుకుంది.

ఇక కథలోకి.

"పొయ్యా?" అంది అంగమ్మాళ్, ఆ వస్తువు పేరు కొత్తగా వింటున్నట్టు.

"ఆమక్కా. కరుమాది అయిపోయింది గదా. ఇంక నేనే కాచుకుంటా. ఎన్నాళ్ళని నీకు కష్టం?"

"కష్టమేమి ఉండాది పిల్లా? ఒక్క మనిషి కూడు. నా సట్టిలోనే ఇంకో పిడికెడు బియ్యం పోస్తే సరిపాయె. సుమ్మా కూర్చో. రసం ఉండాది, పోస్తా."

చూశారా, తప్పు చేసినవాళ్ళకు మర్యాదలు ఎంత తొందరగా గుర్తొస్తాయో! అంగమ్మాళ్ అప్పటికే ఉట్టి మీది సట్టి దించేసింది, గిన్నె కోసం వెతుకుతోంది. చేతులు ఊరకే ఉంటే కళ్ళు ఎత్తాల్సొస్తుందని భయం. ఎత్తితే ఎదురుగా వీరాయి బోసి నుదురు కనబడుతుంది.

వీరాయి కూర్చోలేదు. "రసం వొద్దక్కా. రేపు సర్వేయరు మళ్ళా వొస్తాడంట. కల్యాణసుందరం సామి పొద్దున టీకడ దగ్గర నిలబడి చెప్పి పోయినాడు. నువ్వు వినలేదా?"

వినకేం! పేట పేటంతా విన్నది. కల్యాణసుందరం మిల్లు తరఫున కొత్త షెడ్డు కట్టించే కంట్రాక్టరు. ఊళ్ళో తెలుగు వ్యాపారస్తుల వీధి మనిషి, మనతో తెలుగులోనే మాట్లాడతాడు, మన గడప మాత్రం తొక్కడు. ఆయన చెప్పిందేమంటే, రేపు ఆఖరుసారి చూస్తారు. నంబరుండి పొయ్యి లేకపోతే నంబరు కొట్టేస్తారు. ఇంటు ఉన్నా లోపల పొయ్యి కనబడితే మనసు మార్చుకోవచ్చు. కానీ తడిపొయ్యి చెల్లదు. తారు డబ్బా సంగతి తెలియగానే సగం పేట కాలువ మన్ను తెచ్చి రాత్రికి రాత్రి పొయ్యిలు చేసేసింది, సర్వేయరు ఒక్కొక్క దాన్నీ కాలితో తోసి పగలగొట్టి నవ్వాడు. లోపల మసి పట్టి ఉండాలి. ఏళ్ళ తరబడి వండిన పొయ్యి అయి ఉండాలి. వీరాయికి అలాంటిది ఒక్కటే ఉంది, అది ఇప్పుడు అంగమ్మాళ్ పంచలో మండుతోంది.

అది కదిలితే రెండో నంబరు పోతుంది. రెండో నంబరు పోతే ముని పోతాడు. అంగమ్మాళ్‌కు ముని ఒక్కడే కొడుకు. పెళ్ళయి ఏడాది దాటలేదు. ఒకే గది, మధ్యలో పాతచీర తెర, తెరకు ఇవతల తల్లి దగ్గును ఆపుకుంటూ పడుకోవడం, అవతల కొత్త జంట గుసగుసలు మింగుకుంటూ పడుకోవడం. ఇప్పుడు కోడలు వాసుకి కడుపుతో ఉంది. "కోయమత్తూరు మిల్లులో చేరితే లైనింట్లో గది ఇస్తారంటమ్మా, మేము అట్ల పోతాము" అని ముని నాలుగు నెలలుగా అంటున్నాడు. పంచకు నంబరు పడిన రోజున మాత్రం వాడు కోయమత్తూరు మాట ఎత్తలేదు. నిన్న సంతోషంగా తలకు నూనె రాసుకుని, అత్తవారికి చెప్పొస్తానని మేలూరు బస్సెక్కాడు.

"ఏమిటికి పిల్లా అంత అవసరం?" అంది అంగమ్మాళ్. "పొయ్యి యాడికి పోతాది? కాస్త ఆరనీ."

"సైటు కోసరమే కాదక్కా." వీరాయి గొంతు తగ్గింది. "ఆ పొయ్యి మీద మీ మరిది చెయ్యి ఉండాది."

అంగమ్మాళ్‌కు తెలుసు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు వీరాయి కాలువ మన్నులో వరిపొట్టు కలిపి ఆ పొయ్యి చేసుకుంది. కుండ కూర్చోవడానికి మూడు గుబ్బలు పెట్టాలి. రెండు ఆమె పెట్టింది, మూడోది నేను పెడతానని ఆండి పోటీకొచ్చాడు. వాడి కుడి బొటనవేలు కొస మిల్లు యంత్రం ఎప్పుడో కొరికేసింది. ఆ మొండి వేలితో నొక్కితే గుబ్బ మీద పొట్టి గుంట పడింది. సరిదిద్దుతానంటే వీరాయి ఒప్పుకోలేదు. ప్రతి శుక్రవారం పొయ్యి అలికేటప్పుడు ఆ గుంట చుట్టూ అలికి, గుంటను మాత్రం వదిలేసేది. పేటలో ఆడవాళ్ళందరూ దీనికి ఆమెను ఏడిపించేవాళ్ళు.

"మీ మరిది" అందని గమనించారా? మొగుడి పేరు ఆమె నోట రాదు. పెళ్ళాం పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అక్కడి నమ్మకం, ఆయుష్షు తీరిపోయాక కూడా అలవాటు తీరదు. మిల్లులో చెత్తపత్తి ఏరే పనికి చేరిన రోజున గుమాస్తా "మొగుడి పేరు?" అని అడిగితే, వీరాయి సిగ్గుపడి అంగమ్మాళ్ వంక చూసింది. "ఆండి సామీ, ఆండి" అని అంగమ్మాళే చెప్పింది. అప్పటినుంచీ ఎక్కడ ఆ పేరు చెప్పాల్సి వచ్చినా వీరాయి తరఫున చెప్పే నోరు అంగమ్మాళ్‌దే.

ఇంక దాచడం తన వల్ల కాదనుకుంది కాబోలు, అంగమ్మాళ్ మొదలుపెట్టింది. "వీరాయీ, ఆ పొద్దు తారోళ్ళు వొచ్చినప్పుడు ఏమయిందంటే..."

"నాకు తెలుసక్కా."

"ఏమి తెలుసు?"

"నేను తడిక వెనకనే ఉండాను గదా. అంతా విన్నా."

అంగమ్మాళ్ చేతిలో గిన్నె కింద పెట్టింది.

నిజమే. కరుమాది కాని ముండమోపి మూల విడిచి రాకూడదు, పరాయి మగవాడి ఎదుట పడకూడదు, నోరెత్తి మాట్లాడకూడదు. వండిపెట్టే పక్కింటావిడే ఆ ఇంటికి చెయ్యీ, ఆ ఇంటికి నోరూ. సర్వేయరు తన గుమ్మం ముందు నిలబడిన చప్పుడు వీరాయి మూల నుంచి విన్నది. "ఇంగే అడుప్పు ఎరియుదా?" అని వాడు అరవంలో అడగడమూ విన్నది. ఇక్కడ పొయ్యి వెలుగుతుందా అని.

"నువ్వు 'ఇల్లె సామీ' అన్నావు," అంది వీరాయి. "అది అబద్ధం కాదక్కా, ఆ పొద్దు వెలగలేదు. ఎందుకు వెలగలేదో ఇప్పుడు చెప్తాది, మా అక్క చెప్తాది అని నేను తడిక పట్టుకుని చూస్తా ఉండాను. నువ్వు 'అదీ...' అన్నావు. అంతలో వాడు పంచలోకి తొంగి చూసి 'ఈడ ఒకటి ఉండాది' అన్నాడు. కుంచెతో నంబరు వేసిన చప్పుడొచ్చింది. నువ్వు మళ్ళా మాట్లాడలేదు."

అంతే జరిగింది. అంగమ్మాళ్ "అదీ, చావిల్లు సామీ" అనబోయింది. సగం మాట బయటికొచ్చింది, మిగతా సగం పంచ తలుపు మీది నల్లటి నంబరు చూసి లోపలికి పోయింది. ఎవరూ ఆమె నోరు నొక్కలేదు. ఎవరూ బెదిరించలేదు. కొడుకు మొహం కళ్ళముందు కదిలింది, అంతే. ఆ తర్వాత పూటపూటకూ వేడివేడి కూడు తీసుకెళ్ళి వీరాయి ముందు పెట్టింది. కొళంబులో వంకాయ ముక్క ఒకటి ఎక్కువే వేసింది. వీరాయి తింటుంటే దగ్గర కూర్చుని వీపు నిమిరింది. ఆ ముద్దలు ఇప్పుడు తలుచుకుంటే అంగమ్మాళ్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"తెలిసీ నువ్వు ఒక్క మాట అడగలేదేమే!" అని అరిచింది. తప్పు తనదైనా కోపం ఎదుటిమనిషి మీదే రావడం మనందరికీ ఉన్న జబ్బు. "తిట్టి ఉండొచ్చు గదా! నా జుట్టు పట్టుకుని లాగి ఉండొచ్చు గదా!"

"ఎట్ల తిట్టేది అక్కా? నీ కూడే తింటా ఉండాను." వీరాయి కొంగుతో కళ్ళొత్తుకుంది. "రోజూ అడగాలనుకునేదాన్ని. నువ్వు కూడు తెచ్చి ముందు పెట్టేదానివి. తినేసేదాన్ని. తిన్నాక అడిగేదానికి నోరు రాలేదు."

చెంపదెబ్బ కొట్టినా అంగమ్మాళ్‌కు ఇంత బాధ ఉండేది కాదు. తాను పెట్టింది కూడు కాదు, ఆ పిల్ల నోటికి అడ్డం పెట్టిన గుడ్డ. పాపం చేసినవాళ్ళకు నరకంలో ఏం పెడతారో నాకు తెలియదు గానీ, ఆ మధ్యాహ్నం ఆ గుడిసెలో అంగమ్మాళ్‌కు అన్నీ ఒకేసారి వడ్డించారు.

"రా. ఇప్పుడే ఎత్తి ఇస్తా" అని పంచలోకి నడిచింది.

పంచలో వాసుకి పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. తాటాకు తడికకు ఇవతలి మాట అవతల వినబడకుండా ఉండే ఇళ్ళు ఆ పేటలో లేవు. మొహంలో మాత్రం ఏమీ వినని పిల్లలాగే ఉంది.

"వాసుకీ, కుండ దించు. ఆ పొయ్యి వీరాయిది."

"మండతా ఉండాది గదత్తా," అంది వాసుకి నెమ్మదిగా. "మండే పొయ్యిని కదిలిస్తారా?"

అంగమ్మాళ్ ఆగిపోయింది. మండే పొయ్యి స్థలం మార్చకూడదు. అందులోనూ చూలాలున్న ఇంట్లో అసలే కదపకూడదు, కడుపు కదులుతుందంటారు. నమ్మినా నమ్మకపోయినా, కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా కూర్చుని అడిగితే కాదనగల ఆడది ఎవరు?

వీరాయే కల్పించుకుంది. "వొద్దక్కా, వొద్దు. బిడ్డ కడుపు ముఖ్యం. తానుగా ఆరనీ. తెల్లారి వొచ్చి తీసుకుంటా." వాసుకి వైపు తిరిగి, "మూడో గుబ్బ పైలం తల్లీ" అని చెప్పి వెళ్ళిపోయింది.

వాసుకి తల ఊపింది. ఇంకో పుల్ల ఎగదోసింది.

ఆ సాయంత్రం వాసుకి చింతపండు ఉడకబెట్టింది. తర్వాత వేణ్ణీళ్ళు కాచింది. తర్వాత నడుం నొప్పిగా ఉందని ఇటుకముక్క కాచి కాపడం పెట్టుకుంది. నిద్రలో రెండు మూడుసార్లు పుల్ల చిటచిటమన్న చప్పుడు అంగమ్మాళ్ చెవిన పడింది. చలిగా ఉందేమో అనుకుని అటు తిరిగి పడుకుంది. ఇంత వయసొచ్చిన మనిషి, ఆ మాత్రం కనుక్కోలేకపోయింది. తన కోడలు కూడా తనలాగే చేస్తుందని ఆమెకు తోచలేదు.

తెల్లారి మిల్లు సంగు, అదే సైరను, కూసింది. పొద్దు షిఫ్టువాళ్ళు గేటు వైపు పరుగులు తీస్తుంటే, వాళ్ళకు ఎదురుగా సర్వేయరు సైకిలు దిగాడు. వెనక తారు డబ్బా మనిషి, ఆ వెనక తెల్లపంచె మడిచి కట్టుకుని కల్యాణసుందరం. ఇంత పొద్దున వస్తారని ఎవరూ అనుకోలేదు. పంచలో పొయ్యి మండుతూనే ఉంది, పైన అన్నం ఉడుకుతోంది.

తన పొయ్యి కోసం వచ్చిన వీరాయి వాళ్ళను చూసి పంచ పక్కనే నిలబడిపోయింది.

సర్వేయరు నంబరు చూశాడు, పొయ్యి చూశాడు, తల ఊపాడు. అలా వెళ్ళిపోయేవాడే. అంగమ్మాళ్ అడ్డం వచ్చి నిలబడింది. రాత్రి నుంచీ లోపల కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"సామీ, ఆ పొయ్యి మాది కాదు," అంది అరవంలో. "వీరాయిది. ఆ ఇంటిది. మీరు ఇంటు వేసినారే, ఆ ఇంటిది. అది చావిల్లు సామీ, అందుకే ఆ పొద్దు వెలగలేదు. ఆ పొద్దు నేను మీకు చెప్పలేదు. చెప్పకపోయింది నా తప్పు. ఈ నంబరు కొట్టేసి ఆమెకు వెయ్యండి."

తారు డబ్బా మనిషి డబ్బా కింద పెట్టాడు. కల్యాణసుందరం చిరాగ్గా మొహం పెట్టి, "ఏమిటమ్మా ఇది, సైటు కోసం లేని పొయ్యి ఉందనేవాళ్ళను చూశాం గానీ, ఉన్న పొయ్యి నాది కాదనేవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారా? నీ ఒంట్లో బాగుందా?" అన్నాడు తెలుగులో.

సర్వేయరు వీరాయి వైపు తిరిగాడు. పొయ్యి నీదేనా అని అడిగాడు.

వీరాయి పొయ్యి వైపు చూసింది. దాని ముందు కూర్చున్న వాసుకినీ, ఆ పిల్ల పొట్టనూ చూసింది. కరుమాది అయిపోయింది, ఇప్పుడు ఆమె నోరు ఆమెదే. అవునని ఒక్క "ఆమా" అంటే చాలు, తల మీద కప్పు దక్కుతుంది.

"కాదు సామీ," అంది. "ఆ పొయ్యి అంగమ్మక్కదే. మా ఇంట్లో పొయ్యి లేదు."

"ఏమే వీరాయీ!" అంగమ్మాళ్ ఆమె భుజం పట్టి ఊపేసింది.

"వదిలెయ్యక్కా," అంది వీరాయి తెలుగులో, సర్వేయరుకు అర్థం కాకుండా. "నీ కూడు తిన్నా. ఆ బిడ్డకు చోటు కావాల. నేనొక్కదాన్ని, ఏ మూలైనా పడుకుంటా."

"ఎన్న సొల్రాంగ?" అని సర్వేయరు కల్యాణసుందరాన్ని అడిగాడు. ఏమంటున్నారు వీళ్ళని. కల్యాణసుందరం భుజాలెగరేశాడు. సర్వేయరుకు విసుగొచ్చింది. "ఒకామె నాది కాదంటోంది, ఇంకొకామె నాదీ కాదంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. వినమ్మా, ఈ ఇంట్లో మోసం తేలిందంటే పంచ నంబరొక్కటే కాదు, ఇంటి నంబరూ కొట్టేస్తాను. తర్వాత నా కాళ్ళు పట్టుకుని లాభం లేదు."

"మోసం నేను చేసినా సామీ. రుజువు చూపిస్తా." అంగమ్మాళ్ పంచలోకి దూసుకుపోయింది. మూడో గుబ్బ! ఆ మొండి బొటనవేలు గుంట చూస్తే గుడ్డివాడైనా నమ్ముతాడు. గుడ్డ కోసం కూడా వెతకలేదు. ఉడుకుతున్న కుండను ఒట్టి చేతులతో పట్టుకుని ఎత్తి కింద పెట్టింది. అరచేతులు చుర్రుమన్నాయి. గంజి పొంగి పాదాల మీద పడింది. అదేదీ పట్టించుకోకుండా వంగి చూసింది.

మొదటి గుబ్బ ఉంది. రెండోది ఉంది. మూడో గుబ్బ మీద ఎర్రమన్ను నున్నగా అలికి ఉంది. అంచున ఇంకా తడి ఆరలేదు. గుంట లేదు.

అంగమ్మాళ్ తలెత్తి కోడలి వైపు చూసింది. వాసుకి చేతులు పైట కిందికి లాక్కుంది. లాక్కునేలోపే గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను కనబడింది. ఆ పిల్ల కళ్ళు మాత్రం అత్త మొహం మీంచి కదల్లేదు. ఆ చూపు అంగమ్మాళ్‌కు తెలుసు. తారు నంబరు పడిన రోజున తన మొహంలోనూ అదే ఉండి ఉంటుంది.

ఇదంతా వీరాయి కూడా చూసింది. పొయ్యిని కాదనుకుంది, చోటును కాదనుకుంది. ఆ గుంట మాత్రం ఎవరింట్లో ఉన్నా ఉంటుందనుకుంది. అప్పుడప్పుడు వచ్చి చూసుకోవచ్చనుకుంది. ఒక్క అంగలో పంచలోకొచ్చి మోకాళ్ళ మీద పడి, కాలుతున్న గుబ్బ మీద వేళ్ళు పెట్టి తడిమింది. తడిమన్ను వేళ్ళకు అంటుకుంది. దాని కింద ఏమీ తగల్లేదు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆమె నోట రాని మాట అప్పుడొచ్చింది.

"ఆండీ!" అని అరిచింది. "ఆండీ, నిన్ను తుడిచేసినారయ్యా! ఆండీ!"

వీధిలో బిందెలతో పోతున్న ఆడవాళ్ళు నిలబడిపోయారు. వీరాయి నోట మొగుడి పేరు! అక్కడున్న తెలుగు మనుషుల్లో ఆ కేకకు అర్థం తెలియనివాళ్ళు లేరు. కల్యాణసుందరం కూడా మడిచి కట్టిన పంచె కిందికి వదిలి తల దించుకున్నాడు.

సర్వేయరుకు మాత్రం అర్థం కాలేదు. ఏడుస్తున్న మనిషిని చూశాడు, తడి గుబ్బను చూశాడు. తారు డబ్బా మనిషి చేతిలోంచి కుంచె తీసుకుని అంగమ్మాళ్ ముందుకు వచ్చాడు.

"ఆండి యారు?" అన్నాడు.

ఆండి ఎవరు? ఈ ప్రశ్నకు వీరాయి తరఫున ఎప్పుడూ జవాబు చెప్పిన నోరు అంగమ్మాళ్‌ది. ఒక్కసారే చెప్పలేదు. ఇప్పుడు చెబితే గుబ్బ మీద మన్ను ఎవరు పూశారో కూడా చెప్పాలి. ఇంటి నంబరు పోతుంది, పంచ నంబరు పోతుంది, కడుపుతో ఉన్న కోడలు పేటంతటి ముందూ దొంగ అవుతుంది. మధ్యాహ్నం బస్సుకు మేలూరు నుంచి ముని దిగుతాడు.

ఆమె నోరు తెరిచింది. వెనకనుంచి వాసుకి చెయ్యి వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. తడిమన్ను చెయ్యి.

"సొల్లమ్మా," అని జవాబుకు తొందరపెట్టాడు సర్వేయరు, ఇంటి నంబరు పక్కన కుంచె ఆనించి. "ఆండి యారు?"